ఏది ఇవ్వాలో తెలిసిన దుర్గాబాయి

పోయిన ఎండాకాలం మా ఇంట్లో సజ్జల మీది సామానంతా కిందికి దించాం. ఇంటికి సున్నం వేయించాలని మొదలుపెట్టిన పని అది. దించాక గానీ తెలియలేదు, ఇన్నేళ్లుగా ఎంత బరువు నెత్తిన పెట్టుకుని పడుకుంటున్నామో!

మాది వరంగల్‌లో కొత్తవాడ. నేతపనివాళ్ల వాడ. జంపఖానాలకు పేరుపడ్డ చోటు. మా మామగారు బతికినన్నాళ్లూ ముందర అర్రలో గుంటమగ్గం మీద జంపఖానాలు నేశారు. అత్తమ్మ కండెలు చుట్టేది. ఆయన పోయాక మగ్గం విప్పేశాం. గుంట పూడ్చి బండలు పరిపించాం. ఖాళీ అయిన అర్రను ఏం చెయ్యాలో తోచక, అడ్డంగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే అందులో పెట్టుకుంటూ పోయాం. పదేళ్లు తిరిగేసరికి అది సామాన్ల అర్ర అయి కూర్చుంది.

అందులో ఏమేం ఉన్నాయో చెబితే మీకు మీ ఇల్లే గుర్తుకొస్తుంది. ఇద్దరు మనుషులు పడితేగానీ లేవని రెండు ఇత్తడి గంగాళాలు. నా పెండ్లికి వచ్చిన స్టీలు బిందెలు, వాటి మీద ఇచ్చినవాళ్ల పేర్లు. మూత ఒక చోట, గిన్నె ఒక చోట ఉన్న డబ్బాలు. ఒక్కసారే కట్టి మడతపెట్టిన పట్టుచీరలు, మడతల దగ్గర చిరుగుతున్నాయి. తిరగని టేబుల్ ఫ్యాను. పాత చీరలిచ్చి కొన్న స్టీలు గిన్నెలు మరో బుట్టెడు. అంటే వదిలించుకోబోయి కూడా సామానే తెచ్చుకున్నానన్నమాట!

ఇదంతా మా అమ్మాయి కోసమని దాచాను. అదేమో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఒక్క గదిలో, రెండు సూట్‌కేసులతో ఉంటోంది. గంగాళాలు నీకే బిడ్డా అంటే పకపకా నవ్వింది. వాటిని పెట్టాలంటే తను గది ఖాళీ చేసి బయట పడుకోవాలట.

సరిగ్గా ఆ వారంలోనే మా అన్న ఒక కాగితం తెచ్చాడు. మా బాపు ఆజంజాహి మిల్లులో పనిచేసి, ఆ సంపాదనతో కట్టిన ఇల్లు ఒకటి ఉంది. రెండు వీధుల అవతలే. బాపు వీలునామా ఏదీ రాయకుండానే పోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు మా అవ్వ ఒక్కతే ఉంటోంది. నా వంతు హక్కు వదులుకుంటున్నట్టు ఆ కాగితం మీద సంతకం పెట్టమన్నాడు అన్న. పెండ్లికి పెట్టినవి పెట్టాం కదా, ఆడబిడ్డలు ఇట్లాంటివి పట్టించుకోవద్దన్నాడు. నువ్వు ఎట్లాగూ సామానంతా వదిలించుకుంటున్నావు కదా, ఇదీ అందులో కలిపెయ్యమని నవ్వుతూనే అన్నాడు. ఆ మాటకు అప్పుడు నాకూ నవ్వొచ్చింది. రాత్రి పడుకున్నాక మాత్రం నిద్ర రాలేదు.

సందుగ అడుగున దొరికిన పుస్తకం

మర్నాడు అత్తమ్మ సందుగ విప్పాను. అడుగున దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం గురించిన పాత పుస్తకం ఒకటి ఉంది. అట్ట లేదు. అది మా చిన్నత్తది, అంటే అత్తమ్మ చెల్లెలిది. ఆవిడ చిన్నప్పుడే బడి మానేసి, పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ చదువుకుంది. పెద్దవయసు ఆడవాళ్లు కొన్నేళ్ల చదువును రెండేళ్లలో పూర్తి చేసుకునే కోర్సు అప్పట్లో ఉండేది. 1958లో ఆ కోర్సులను మొదలుపెట్టింది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు. ఆ బోర్డుకు అప్పటి అధ్యక్షురాలు దుర్గాబాయి. అందుకే చిన్నత్త ఆ పుస్తకాన్ని దేవుడి పటంలా దాచుకుంది.

సామాన్ల మధ్య కింద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. పొద్దు గూకేదాకా లేవలేదు. దుర్గాబాయి అంటే హైదరాబాదులో ఒక ఆస్పత్రి, ఒక కాలనీ పేరు అని మాత్రమే తెలిసిన నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు. అందుకని ఆమె కథ కాస్త వివరంగా చెబుతాను.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట పెండ్లి చేసేశారు. వరుడు ఒక జమీందారీ ఇంటికి దత్తత వెళ్లిన అబ్బాయి. అప్పటి లెక్కన అదృష్టవంతురాలే. ఆస్తి ఉన్న ఇల్లు, నగలు, పట్టుబట్టలు, వంటమనుషులు. ఆడపిల్లకు ఇంకేం కావాలి అనే రోజులవి.

ఆ పిల్లకు మాత్రం ఇంకేదో కావాల్సి వచ్చింది. బడిలో చదువు ఇంగ్లీషులో చెబుతున్నారని బడే మానేసింది. తను హిందీ నేర్చుకుంది. నేర్చుకున్నది ఊరికే ఉంచుకోకుండా ఇంట్లోనే ఆడవాళ్లకు హిందీ బడి పెట్టింది. తన కన్నతల్లికి కూడా పాఠాలు చెప్పింది. తర్వాత ఆ తల్లే ఆ బడిలో మిగతావాళ్లకు చెప్పే పంతులమ్మ అయ్యారు. చిన్నపిల్ల చేసిన పనులివి.

గాజులు తీసిన రోజు

1921 ఏప్రిల్‌లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఆ ఊళ్లో దేవదాసీలుగా బతుకుతున్న ఆడవాళ్లు ఉన్నారు. బురఖా దాటి బయటకు రాని ముస్లిం స్త్రీలు ఉన్నారు. వీళ్లిద్దరూ గాంధీగారి మాట వినాలని దుర్గాబాయి పట్టుబట్టింది. ఊళ్లో పెద్దలను అడిగితే, అయిదు వేల రూపాయలు విరాళం పోగుచేసి తెస్తే కొద్దిసేపు కేటాయిస్తామన్నారు. 1921లో అయిదు వేలంటే మాటలా! చిన్నపిల్ల కదా, తిరిగి తిరిగి మానుకుంటుందని అనుకున్నారేమో. మానుకోలేదు. దేవదాసీ స్త్రీలే పూనుకుని ఆ డబ్బు సమకూర్చారు.

సభకు ఆడవాళ్లు వందలకొద్దీ వచ్చారు. గాంధీగారు అనుకున్న సమయం కంటే చాలా ఎక్కువసేపే మాట్లాడారు. మాటలు అయ్యాక ఆడవాళ్లు మెళ్లో గొలుసులు, చేతుల గాజులు తీసి ఇవ్వడం మొదలుపెట్టారు. అంతా కలిపి విలువ 25 వేల రూపాయల దాకా వచ్చిందట. దుర్గాబాయి కూడా తన బంగారు గాజులు తీసి ఇచ్చేసింది. ఆ తర్వాత ఊళ్లో జరిగిన పెద్ద సభలో గాంధీగారి ఉపన్యాసాన్ని తెలుగు చేసింది కూడా ఆమే. అంతమంది పెద్ద నాయకులు ఉండగా ఆ చిన్నపిల్లనే పిలిపించారు.

ఇంటికి వచ్చాక విదేశీ బట్టలు మంటల్లో వేశారు. అప్పటినుంచి ఆమె ఒంటి మీద ఖద్దరే. నేతవాళ్ల ఇంట్లో పుట్టి, నేతవాళ్ల ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి ఈ ముక్క దగ్గర నేను కాసేపు ఆగాను. ఒక్క బట్ట మానేయడంలో ఏముంది అనిపిస్తుంది. కానీ పట్టు కట్టుకునే ఇంటి కోడలు ముతక ఖద్దరు కట్టుకుంటే చుట్టాల్లో, పేరంటాల్లో వినాల్సిన మాటలు ఎన్ని ఉంటాయో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తుకొచ్చింది. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి బయల్దేరుతుంటే అక్కడివాళ్లు బంగారం, వజ్రాల నగలు బహుమతులుగా ఇచ్చారు. అందులో కస్తూరిబాకని ఇచ్చిన బంగారు హారం కూడా ఉంది. అవన్నీ ప్రజల పనికి ట్రస్టులో పెట్టేద్దామని ఆయన తేల్చేశారు. పిల్లలను ముందే ఒప్పించుకున్నారు. కస్తూరిబా మాత్రం ఒప్పుకోలేదు. రేపు కోడళ్లు వస్తే ఏం పెడతామని అడిగింది, ఏడ్చింది. చివరికి ఆయన మాటే నెగ్గింది. ఈ సంగతులు గాంధీగారే తన ఆత్మకథలో రాసుకున్నారు. చిన్నప్పుడు ఈ కథ విని గాంధీగారి గొప్పతనం గురించే ఆలోచించాను. ఇప్పుడు, బిడ్డ కోసం గంగాళాలు దాచినదాన్ని కాబట్టి, కస్తూరిబా కన్నీళ్లు కూడా కనిపించాయి. ఇచ్చెయ్యడం మంచిదే కావచ్చు. కానీ ఎవరి హారం ఎవరు ఇచ్చారు అన్నది కూడా చూడాలి కదా! కాకినాడలో ఆ పిల్ల గాజులు తీసింది తనంతట తాను. తేడా అంతా అక్కడే ఉంది.

జమీందారు ఇంటికి వెళ్లలేదు

కాస్త పెద్దయ్యాక, పెండ్లి అంటే ఏమిటో తెలిసే వయసుకు వచ్చాక, దుర్గాబాయి ఇంకా పెద్దదాన్ని వదులుకున్నారు. తెలియని వయసులో జరిగిన ఆ పెండ్లిలో ఉండలేనని భర్తతోనే నేరుగా చెప్పారు. ఆయన్ను మళ్లీ పెండ్లి చేసుకోమన్నారు. పుట్టింటివాళ్లు ఆమె పక్షానే నిలిచారు. నూరేళ్ల కిందటి మాట ఇది. జమీందారు ఇల్లు, ఆ ఇంటి కోడలనే గౌరవం, నగలు, రేపటి భరోసా అన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. ఆయన మీద పగ కూడా పెట్టుకోలేదు. ఆయన పోయాక, దిక్కులేకుండా అయిన ఆయన రెండో భార్యకు అండగా నిలబడి, తన కాళ్ల మీద తను బతికే దారి చూపించింది కూడా దుర్గాబాయే.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడింది దుర్గాబాయి. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొని ఇచ్చాకే వదిలింది. అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. మొహమాటం అనే సామాను మన సజ్జల మీద చాలా ఉంటుంది. ఆమె దాన్ని ఆ వయసులోనే దించేసినట్టుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ముందు నిలబడ్డారు. 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధురై జైల్లో ఉరిశిక్ష పడ్డ ఖైదీల పక్కన ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. కానీ జైల్లోనే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. అక్కడి ఆడ ఖైదీల్లో చాలామందికి చదువు లేదు, చట్టం తెలియదు. తాము చేసిన నేరమేమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియకుండానే శిక్షలు అనుభవిస్తున్నారు. వీళ్లకు పనికిరావాలంటే జైలుకు వెళ్లిన పేరు ఒక్కటే చాలదు, చదువు కావాలి అనుకున్నారు.

చూడండి, అప్పటికే ఆమెకు నాయకురాలిగా పేరుంది. బయటకు వస్తే దండలు వేసేవాళ్లు ఉన్నారు. ఆ పేరును పక్కన పెట్టేసి, ఇరవై నాలుగేళ్ల వయసులో మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. బనారస్ విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. తర్వాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. చేరాలనుకునే ఆడపిల్లలను కూడగట్టి హాస్టల్ ఏర్పాటయ్యేలా చూశారు. రాజనీతిశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివి, 1942లో వకీలుగా నమోదయ్యారు.

తన చదువు సాగుతుండగానే 1937లో మద్రాసు మైలాపూరులో చిన్నపిల్లలతో ఒక సంఘం పెట్టారు. అదే ఆంధ్ర మహిళా సభ అయింది. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి, తను రాసిన బనారస్ మెట్రిక్ పరీక్షకే వాళ్లనూ తయారు చేశారు. ఆడవాళ్లకు చదువు, చేతిపని, వైద్యం, అన్నీ ఆ నీడనే పెరిగాయి. తర్వాత హైదరాబాదుకు కూడా విస్తరించింది. ఆడపిల్లల కాలేజీలు, విద్యానగర్‌లో ఆస్పత్రి, అన్నీ ఆ సభ పెట్టినవే.

గాజులిచ్చిన ఆమే వాటా అడిగింది

ఇంతవరకూ చదివితే ఆమెను త్యాగమూర్తి అని పటం కట్టి గోడకు తగిలించేయొచ్చు. చాలామంది తగిలించారు కూడా. కానీ పుస్తకంలో తర్వాతి పేజీలు నాకు నిద్ర పట్టకుండా చేసిన ఆ కాగితం గురించే చెబుతున్నట్టు అనిపించింది.

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే వాళ్ల జాబితాలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆమె. ఎన్నో సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభలో సభ్యత్వానికి కనీస వయసు 35 నుంచి 30కి తగ్గడం ఆమె ప్రతిపాదన వల్లే. హిందూ కోడ్ బిల్లు మీద దేశమంతా గొడవ జరుగుతున్నప్పుడు, ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఉండి తీరాలని గట్టిగా వాదించినవాళ్లలో ఆమె ఒకరు.

ఇది చదివి ఆశ్చర్యపోయాను. గాజులు తీసి ఇచ్చేసిన మనిషి. జమీందారీ ఇంటిని తోసేసి వచ్చిన మనిషి. ఆస్తి మీద ఆశ లేదని అంతగా చూపించిన మనిషి ఆడవాళ్లకు ఆస్తి కావాలని ఎందుకు పోట్లాడాలి?

ఆలోచిస్తే అర్థమైంది. చేతిలో ఉన్నది ఇచ్చేస్తే దాన్ని ఇవ్వడం అంటారు. చేతికి రాకముందే వదిలెయ్యమంటే అది ఇవ్వడం ఎట్లా అవుతుంది? జైల్లో ఆమె చూసిన ఆడవాళ్లకు వదులుకోవడానికి ఏమీ లేదు. ఇల్లు లేదు, చదువు లేదు, తమదని చెప్పుకునే రూపాయి లేదు. వాళ్లకు నిరాడంబరత గురించి చెబితే వెక్కిరించినట్టే ఉంటుంది. ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి. లేనివాళ్లకు ముందు ఉండాలి. ఈ రెండూ ఒకే మాటకు రెండు వైపులని దుర్గాబాయి బతుకు చెబుతోంది.

హిందూ కోడ్ బిల్లు ముక్కలై, 1956లో వారసత్వ చట్టం వచ్చింది. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వాటా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూడా ఆడపిల్లకు సమాన హక్కు ఇస్తూ 1986లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవరణ చేశారు. 2005లో దేశమంతటా వచ్చింది. మా బాపు కట్టిన ఇల్లు మొదటి రకంలోకే వస్తుంది. అంటే ఆ ఇంట్లో అవ్వకు, అన్నకు, నాకు మూడు సమాన భాగాలు.

తర్వాతి కథ తొందరగా చెబుతాను. 1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఇక ఇంట్లో కూర్చుంటారనుకుంటే ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న, నలభై మూడేళ్ల వయసులో, అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెండ్లి చేసుకున్నారు. రిజర్వు బ్యాంకుకు గవర్నరైన మొదటి భారతీయుడాయన. దేశ ఖజానా చూసే మంత్రి పెండ్లంటే ఎంత హంగు ఉండాలి! రిజిస్టర్‌లో సంతకాలతో అయిపోయింది. సాక్షిగా సంతకం పెట్టినవారిలో ప్రధానమంత్రి నెహ్రూ ఒకరు. ముప్పై ఏళ్ల కింద టికెట్ లేదని కాకినాడలో ఆమె ఆపేసిన మనిషే!

ఆ ఏడాదే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదలైంది. ఊళ్లలో మహిళా మండళ్లకు, బాలవాడీలకు, ఆడవాళ్ల చదువులకు డబ్బు అందేలా చూశారు. ఆ నీళ్లే పారి పారి మా చిన్నత్త దాకా వచ్చాయి. 1958లో ఆడపిల్లల చదువు మీద వేసిన జాతీయ కమిటీకి ఆమే అధ్యక్షత వహించారు. 1975లో భార్యాభర్తలిద్దరికీ ఒకే ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. తన బతుకునూ ఆయన బతుకునూ కలిపి ఇంగ్లీషులో ఆత్మకథ రాసుకున్నారు.

గంగాళాలు పోయాయి, సంతకం ఆగింది

పుస్తకం మూసి చుట్టూ చూస్తే సామాన్ల అర్ర వేరేగా కనిపించింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని రెండు మాటలు అడుక్కున్నాను. ఇది నాకు అవసరమా? కాకపోతే ఇంకెవరికైనా అవసరమా?

గంగాళాలు వాడలోని గుడికి ఇచ్చాను. అన్నదానం రోజున అవసరమని అడుగుతూనే ఉన్నారు. స్టీలు సామాను ఒక పేదపిల్ల పెండ్లికి వెళ్లింది. పేర్లు చెక్కి ఉన్నాయే అని నేను సిగ్గుపడితే, ఆ పిల్ల తల్లి ఎవరి పేరైతేనేమి పప్పు ఉడకదా అంది. మంచి చీరలు చెల్లెళ్లకు, ఆడబిడ్డలకు పంచాను. చిరిగినవి బొంతలు కుట్టించాను. ఫ్యాను బాగుచేయించి పక్కింటి ముసలాయనకు ఇచ్చాను. ఈసారి గిన్నెల అమ్మి వస్తే దండం పెట్టి పంపేశాను!

రెండు మాత్రం ఉంచుకున్నాను. మామగారు నేసిన ఆఖరి జంపఖానా. అత్తమ్మ చేతుల మీదుగా నాకు వచ్చిన రెండు గాజులు. దుర్గాబాయి గాజులు ఇచ్చారు కదా, నువ్వెందుకు ఉంచుకున్నావని మా అమ్మాయి ఆట పట్టించింది. అవి నా పేరున ఉన్న ఒకే ఒక్క ఆస్తి బిడ్డా అన్నాను. అది నవ్వు ఆపేసింది.

ఇక ఆ కాగితం. నేను సంతకం పెడితే ఏమవుతుందో నెమ్మదిగా ఆరా తీశాను. ఇల్లు అమ్మకానికి పెడతారు. అవ్వ చేత కూడా సంతకం పెట్టిస్తారు. కొడుకు అడిగితే ఆమె కాదనదు. తర్వాత అవ్వ మూటా ముల్లె సర్దుకుని, ఎవరింట్లో ఏ మూల చోటు దొరికితే అక్కడ ఉండాలి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి వాకిట్లో వేపచెట్టు, తన పొయ్యి, తన తలుపు గొళ్లెం కూడా అనవసరమైన సామానేనా? నాకు ఆ ఇంట్లో వాటా అక్కర్లేకపోవచ్చు. అవ్వకు ఆ ఇల్లు అక్కర ఉంది. నేను నా వంతు వదిలేస్తే పోయేది నాది ఒక్కటే కాదు.

అన్న దగ్గరికి వెళ్లి నెమ్మదిగానే చెప్పాను. అవ్వ బతికి ఉన్నంతకాలం ఇల్లు అమ్మవద్దు. ముందు మూడు భాగాలూ కాగితం మీద రాసుకుందాం. ఆ తర్వాత నా వంతు ఏం చెయ్యాలో నేనే చూసుకుంటాను, అవసరమైతే నీ పిల్లల చదువుకే ఇస్తాను అన్నాను. అన్న ఏమీ మాట్లాడలేదు. వదినె మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఈ ఏడు బతుకమ్మకు నాకు పుట్టింటి పిలుపు రాలేదు. అది చిన్న విషయమని అబద్ధం చెప్పను. సద్దుల బతుకమ్మ నాడు పూలు పేరుస్తుంటే కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

చీకటి పడే వేళకు అవ్వే మెల్లగా కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కాగితం సంగతి ఒక్క మాట అడగలేదు. ఖాళీ అయిన ముందర అర్రలో పరిచిన జంపఖానా మీద కూర్చుంది. దాని అంచు చేత్తో తడిమి, మా మామగారి నేత గట్టిదని మెచ్చుకుంది. సద్దులు తిని, రాత్రి తన ఇంటికి తనే వెళ్లిపోయింది. వెళ్తూ కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి, ఉందా లేదా అని ఒకసారి చూసుకుంది.

ఆ అర్ర ఇప్పటికీ ఖాళీగానే ఉంది. సాయంత్రాలు వాడలోని ఆడపిల్లలు నలుగురు వచ్చి అక్కడ కూర్చుని చదువుకుంటున్నారు. వాళ్ల ఇళ్లలో చోటు లేదు. అట్ట లేని ఆ పుస్తకానికి కొత్త అట్ట వేసి గూట్లో పెట్టాను. మీ ఇంట్లోనూ సజ్జ దించే రోజు వస్తే సామానంతా నిశ్చింతగా పంచేయండి. సంతకం పెట్టమని ఎవరైనా ఏ కాగితమైనా తెస్తే మాత్రం, పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదవండి. అవసరమైతే చదువుకున్న పిల్లచేత చదివించుకోండి.